ఇంటి ముందు పేవర్ దారి మనమే వేసుకుందాం - 3వ భాగం: కంకర పొరలు, పైన ఇసుక

పోయిన భాగంలో తవ్వకం దగ్గర ఆపాం కదా. కారు ఎక్కే దారి కాబట్టి దాదాపు 12 అంగుళాలు తవ్వమన్నాను, ఆ లెక్క ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇప్పుడు చూడండి. కంకర 8 అంగుళాలు, ఇసుక 1 అంగుళం, పైన పేర్చే పేవర్ బ్లాకు మందం 80 మిల్లీమీటర్లు అంటే మూడు అంగుళాల పైచిలుకు. మనుషులు నడిచే దారికైతే 60 మిల్లీమీటర్ల బ్లాకు చాలు గానీ బండి బరువు పడే చోట 80కి తగ్గొద్దు.

ఈ భాగం మాత్రం నిదానంగా చదవండి. బ్లాకులు ఎంత అందంగా పేర్చినా బరువు మోసేది కింద ఉన్న కంకరే. నేను మొదటిసారి వేసినప్పుడు 8 అంగుళాల కంకరా ఒకేసారి పోసేసి పైన దట్టించే మిషన్ తిప్పాను, కాలితో తొక్కి చూస్తే రాయిలా ఉంది, ఇంకేముంది అయిపోయింది అనుకున్నా, తీరా ఒక వానాకాలం గడిచేసరికి టైర్లు నడిచే రెండు చారలూ ముప్పావు అంగుళం దిగిపోయి నీళ్ళు నిలబడ్డాయి. బ్లాకులు లేపి తవ్వి చూస్తే పైన మూడు నాలుగు అంగుళాలే గట్టిపడింది, అడుగున కంకర చేత్తో తీస్తే వచ్చేస్తోంది! మొత్తం పీకి మళ్ళీ వేశాను. అందుకే ఇంతలా చెప్తున్నా.

ముందు అడుగు మట్టి సంగతి. తవ్విన గుంతలో మెత్తగా, బురదగా ఉన్న చోట్లు తీసేసి కంకరతో నింపి, మట్టిని కూడా ఒకసారి మిషన్‌తో దట్టించండి. బంకమట్టి అయితే జియోటెక్స్‌టైల్ గుడ్డ పరవడం మర్చిపోకండి, ఒక ముక్క మీద ఇంకోటి అడుగు మేర ఎక్కాలి. తడిసినప్పుడు బంకమట్టి మెత్తబడి కంకర మెల్లగా అందులోకి దిగిపోతుంది, ఆ గుడ్డ రెండిటినీ విడిగా ఉంచుతుంది.

కంకర కొనేటప్పుడు ఒకే సైజు గుండ్రటి రాళ్ళు తీసుకోవద్దు. ముప్పావు అంగుళం రాళ్ళ నుంచి పొడి దాకా అన్నీ కలిసిన, క్రషర్‌లో పగిలిన కోణాల కంకర కావాలి, పెద్ద రాళ్ళ సందుల్లోకి చిన్నవి దూరి బిగుసుకుంటాయి. ఎంత కావాలంటే, 10 అడుగుల వెడల్పు 20 అడుగుల పొడవు దారికి 8 అంగుళాల మందం అంటే సుమారు 133 ఘనపుటడుగులు, దట్టిస్తే కుంగుతుంది కాబట్టి ఇంకో ఐదో వంతు కలిపి 160 చెప్పండి. కంకర బ్లాకుల అంచు దాటి ఇంకో 6 అంగుళాలు బయటికి ఉండాలి కాబట్టి దానికి కూడా కొంచెం వేసుకోండి, బ్లాకులు పక్కకి జరక్కుండా ఆపే అంచు కట్టడి కూర్చునేది దాని మీదే.

ఇప్పుడు అసలు పని. 3 అంగుళాలు పోయండి, రేక్‌తో సర్దండి, తడపండి, దట్టించండి. అప్పుడే తర్వాతి పొర. తడి ఎంత అంటే గుప్పెడు తీసుకుని పిసికితే ముద్ద కట్టాలి గానీ వేళ్ళ మధ్య నుంచి నీళ్ళు కారకూడదు. ఆ దట్టించే మిషన్, అంటే ప్లేట్ కంపాక్టర్, అద్దెకు తెచ్చుకోండి, ఇంత స్థలాన్ని చేతి దిమ్మిసతో కొట్టి గట్టిచేయడం అయ్యే పని కాదు. అంచుల నుంచి మొదలెట్టి లోపలికి, ఒకసారి పొడవునా ఒకసారి అడ్డంగా, ప్రతి పొరకీ కనీసం నాలుగు సార్లు. చెవులకి మఫ్‌లు పెట్టుకోండి. గట్టిపడిందని కాళ్ళకే తెలుస్తుంది, మొదట్లో మిషన్ కూరుకుపోతున్నట్టు నడుస్తుంది, చివరికి గంతులేస్తుంది.

వాటం కంకరలోనే రావాలి, ఇసుకతో తెద్దాం అనుకోవద్దు. అడుగుకి పావు అంగుళం చొప్పున, 20 అడుగులకి 5 అంగుళాలు, ఇంటి గోడకి దూరంగా నీళ్ళు జారేలా. దారాలు కట్టి ప్రతి పొర తర్వాతా టేపుతో కిందికి కొలవండి. చివరి పొర అయ్యాక 10 అడుగుల తిన్నటి బద్ద పెట్టి చూడండి, కింద సందు ఎక్కడా 10 మిల్లీమీటర్లు దాటకూడదు. దాటితే కంకరే పోసి సరిచేయాలి, ఎందుకంటే ఇసుక ఒకచోట రెండంగుళాలు ఒకచోట అరంగుళం ఉంటే రేపు బరువు పడ్డాక ఒక్కోచోట ఒక్కోలా కుంగుతుంది.

ఇసుక గరుకుగా, కడిగినదై ఉండాలి. రాతి పొడి వాడొద్దు, అది నీళ్ళు పట్టుకుని బండి బరువుకి ముద్దయిపోతుంది. అంగుళం మందం పైపులు రెండు సమాంతరంగా పెట్టి, మధ్యలో ఇసుక పోసి, వాటి మీదుగా బద్దతో లాగితే పొర సరిగ్గా అంగుళం వస్తుంది. పైపులు తీశాక పడే గాడిని తాపీతో నింపేయండి. ఆ ఇసుకని దట్టించొద్దు, తొక్కొద్దు.

వచ్చే భాగంలో పేర్చడం, ఏ మూల నుంచి మొదలెట్టాలి, కార్లకి హెరింగ్‌బోన్ (చేపముల్లులా పేర్చే) డిజైనే ఎందుకు అన్నది చూద్దాం. అందాకా కంకర దగ్గరే ఆగండి, పరిచిన ఇసుక మీద ఒక్క వాన పడితే మళ్ళీ మొదటికి వస్తుంది కాబట్టి ఆ పూట ఎంత మేర పేర్చగలరో అంత మేరకే పరవాలి, మిగతా కుప్ప మీద టార్పాలిన్ కప్పి ఉంచండి.