ఎనిమిదో తరగతి పిల్లల్ని ఎన్‌ఎంఎంఎస్ పరీక్షకు ఎలా సిద్ధం చేయాలి?

విశాఖలో కంచరపాలెంలోనో మల్కాపురంలోనో ఏ సర్కారు బడికి వెళ్లినా, లెక్క బోర్డు మీద పూర్తవకముందే జవాబు చెప్పేసే పిల్ల ఒకతి కనబడుతుంది. అలాంటి పిల్లలు ఎనిమిదో తరగతి తర్వాత డబ్బుల్లేక చదువు ఆపేయకూడదనే 2008లో కేంద్రం ఈ నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్ (ఎన్‌ఎంఎంఎస్) పెట్టింది. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12,000 రూపాయలు వస్తాయి. రాసే అవకాశం మాత్రం ఎనిమిదో తరగతిలో ఒక్కసారే.

ముందు అర్హత చూసుకోండి. ప్రభుత్వ, మున్సిపల్, జిల్లా పరిషత్ లేదా ఎయిడెడ్ బడిలో చదువుతుండాలి. ఏడో తరగతిలో 55 శాతం మార్కులు (ఎస్సీ, ఎస్టీలకు 50) ఉండాలి. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. నవోదయ లాంటి హాస్టల్ బడుల పిల్లలకు ఇది వర్తించదు.

కాగితాలు బడి తెరవగానే మొదలుపెట్టండి. ఆదాయ, కుల ధ్రువపత్రాలకు వార్డు సచివాలయంలో అర్జీ పెట్టాలి. ఆధార్‌లో పేరు, బడి రిజిస్టర్‌లో పేరు అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో అప్పుడే చూడండి. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, ఇంకోచోట పూర్తిగా ఉండటం మన దగ్గర మామూలే. తర్వాత ఇబ్బంది పెట్టేది అదే. దరఖాస్తు హెడ్మాస్టరు గారి ద్వారానే వెళ్తుంది, కాబట్టి ఆయన్ని రెండుసార్లు గుర్తుచేసినా తప్పులేదు.

ఇక చదువు. పరీక్షలో రెండు భాగాలు, ఒక్కోదానిలో 90 ప్రశ్నలు, 90 నిమిషాలు. తప్పు జవాబుకు మార్కులు తీసెయ్యరు, కనుక ఏదీ వదలొద్దు. రెండో భాగం ఏడు, ఎనిమిది తరగతుల సైన్సు, సోషల్, లెక్కలు. పాఠ్యపుస్తకాలు సరిపోతాయి. మొదటిది మెంటల్ ఎబిలిటీ, అంటే ఆలోచనా శక్తిని పరీక్షించే ప్రశ్నలు. దీన్ని బళ్లో పాఠంగా చెప్పరు, అందుకే తెలివైన పిల్లలూ ఇక్కడే తడబడతారు. నా మాటగా చెప్తున్నా, రోజుకు అరగంట దీనికే ఇవ్వండి.

3, 7, 15, 31 తర్వాత ఎంత? 63 అన్నాక ఆపకండి, ఎలా వచ్చిందో పైకి చెప్పమనండి. రెట్టింపు చేసి ఒకటి కలిపానని తన నోటితో చెప్తే ఇక మరిచిపోదు. అద్దంలో గడియారం 3:40 చూపిస్తే అసలు టైమెంత? 12 గంటల్లోంచి తీసేస్తే 8:20. ఇంట్లో అద్దం ముందు నిజం గడియారం పట్టుకుని చూపించండి. పాత ప్రశ్నపత్రాలు టైము పెట్టి చేయించండి. ఇల్లు ఇరుకైతే ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీలో కూర్చోబెట్టండి.

ఎంపికయ్యాక పని అయిపోదు. పిల్ల పేరున ఆధార్ లింకైన బ్యాంకు ఖాతా తెరిచి, నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. ప్రతి ఏడాదీ రెన్యువల్ చేయించాలి. తొమ్మిదిలో ప్రైవేటు బడికి మారిస్తే డబ్బు ఆగిపోతుంది. పదిలో 60 శాతం (ఎస్సీ, ఎస్టీలకు 55) వస్తేనే ఇంటర్‌లో కొనసాగుతుంది. నమోదు చేసిన ఫోన్ నంబరు రీఛార్జ్ చేయించి దగ్గరే ఉంచుకోండి, ఓటీపీ దానికే వస్తుంది.