మైఎస్‌క్యూఎల్ 8 నుంచి మరియాడీబీకి: లాడ్జి బుకింగ్ డేటాబేస్‌ను మార్చే పద్ధతి

మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ మీద నడుస్తున్న బుకింగ్ సాఫ్ట్‌వేర్‌ను, దాని నుంచే పుట్టిన మరియాడీబీకి మార్చదలచిన లాడ్జి యజమానులు, వారికి ఆ పని చేసిపెట్టే తిరుపతి ప్రోగ్రామర్లు ముందుగా చూడవలసింది సర్వర్‌లో ఉన్న వెర్షన్ నంబరు. మైఎస్‌క్యూఎల్, మరియాడీబీ రెండూ ఒక్కటేనన్న మాట ఒకప్పుడు దాదాపు నిజమే. 2008లో మైఎస్‌క్యూఎల్‌ను సన్ మైక్రోసిస్టమ్స్ కొన్నది. 2010లో ఆ సన్ కంపెనీయే ఒరాకిల్ చేతికి వెళ్లింది. ఈ మధ్యలో, 2009లో, మైఎస్‌క్యూఎల్ మూలకర్తల్లో ఒకరైన మైకేల్ విడేనియస్ అదే కోడ్ నుంచి మరియాడీబీని విడదీశారు. 5.5 వరకు వెర్షన్ నంబర్లు కూడా కలిసే నడిచాయి. మరియాడీబీ 10.0తో దారులు వేరయ్యాయి, 2018లో మైఎస్‌క్యూఎల్ 8.0 వచ్చాక ఎడం బాగా పెరిగింది. సర్వర్ వాడే పోర్టు 3306, సాఫ్ట్‌వేర్‌ను దానికి కలిపే పీహెచ్‌పీ కనెక్షన్, మామూలు క్వెరీలు (డేటాబేస్‌ను అడిగే ప్రశ్నలు) ఇప్పటికీ మార్పు లేకుండానే పనిచేస్తాయి కాబట్టి ఇబ్బందులను అక్కడ వెతకనక్కరలేదు.

వెర్షన్ 5.7 లేదా అంతకు ముందుదైతే, పాత సర్వర్‌ను సక్రమంగా ఆపి, మరియాడీబీని ఇన్‌స్టాల్ చేసి, మరియాడీబీ-అప్‌గ్రేడ్ ఆదేశం నడిపి, అదే డేటా ఫోల్డర్‌తో కొనసాగే వీలుంది. 8.0 విషయంలో ఆ ఆలోచనే పెట్టుకోకూడదు. టేబుళ్ల నిర్మాణ వివరాలను 8.0 తన సొంత డేటా డిక్షనరీలో దాచుకుంటుంది, దానిని మరియాడీబీ చదవలేదు. అందువల్ల డంప్ (డేటా మొత్తాన్ని ఎస్‌క్యూఎల్ ఆదేశాలుగా రాసిన ఫైలు) తీసి ఎక్కించడమొక్కటే మార్గం.

డంప్ తీసే మైఎస్‌క్యూఎల్‌డంప్ ఆదేశాన్ని, డేటా అంతటినీ ఒకే క్షణంలో ఉన్న స్థితిలో తీసే సింగిల్-ట్రాన్సాక్షన్ ఆప్షన్‌తో నడపాలి. ట్రిగ్గర్లు (వరుస మారినప్పుడు తామే నడిచే ఆదేశాలు) వాటంతటవే వస్తాయి గానీ స్టోర్డ్ ప్రొసీజర్లు (సర్వర్‌లోనే దాచిన ఆదేశాల కట్టలు), ఈవెంట్లు (నిర్ణీత వేళకు నడిచేవి) అడిగితేనే వస్తాయి. రాత్రి లెక్కలు కట్టే ప్రొసీజర్ ఒకటి అక్కడే మిగిలిపోయిందని మరునాడు ఉదయం తెలియడం కన్నా రొటీన్స్, ఈవెంట్స్ ఆప్షన్లను ముందే చేర్చడం మేలు. అన్ని డేటాబేసులనూ ఒకేసారి డంప్ చేసే ఆప్షన్‌ను వాడకండి. యూజర్ల వివరాలున్న సిస్టమ్ డేటాబేస్ రెండింటిలో ఒకే తీరుగా ఉండదు.

ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది అక్షరాల దగ్గర. 8.0లో కొత్తగా సృష్టించిన టేబుళ్లకు యూటీఎఫ్8ఎంబీ4_0900_ఏఐ_సీఐ అనే కొలేషన్ (అక్షరాలను పోల్చి వరుసపెట్టే నియమావళి) దానంతటదే వస్తుంది. చాలా మరియాడీబీ వెర్షన్లకు ఈ పేరు తెలియదు కనుక, డంప్ ఎక్కించగానే ‘అన్‌నోన్ కొలేషన్’ అన్న ఎర్రర్ వస్తుంది. డంప్ ఫైలులో ఆ పేరు ఉన్నచోటల్లా యూటీఎఫ్8ఎంబీ4_యూనికోడ్_520_సీఐ అని మార్చితే పని ముందుకు సాగుతుంది. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. 0900 కొలేషన్ పదం చివరి ఖాళీని కూడా అక్షరంగానే లెక్కిస్తుంది, 520 లెక్కించదు. కౌంటరులో ఒకరు ‘శ్రీనివాసులు’ అని, మరొకరు అదే పేరు చివర స్పేస్ కొట్టి నమోదు చేసి ఉంటే, ఆ కాలమ్‌కు యూనిక్ కీ (ఒకే విలువ రెండుసార్లు రాకూడదన్న నిబంధన) ఉన్నపక్షంలో రెండో వరుస ‘డూప్లికేట్ ఎంట్రీ’ అంటూ ఆగిపోతుంది. డంప్ తీయకముందే, చివరి ఖాళీలను తీసేసే ట్రిమ్ ఫంక్షన్‌తో ఇలాంటి వరుసలను వెతికి సరిచేయాలి.

తెలుగు పేర్లున్న డేటాకు మరో పరీక్ష తప్పనిసరి. అన్ని భాషల అక్షరాలనూ బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు వర్ణసంకేతం మూడు బైట్లు తీసుకుంటుంది, ఆ బైట్లు ఈ0బీ0 లేదా ఈ0బీ1తో మొదలవుతాయి. యూటీఎఫ్8ఎంబీ4 (యూటీఎఫ్-8కు మైఎస్‌క్యూఎల్‌లోని పేరు) కాలమ్ మీద, బైట్లను చూపే హెక్స్ ఫంక్షన్ నడిపినప్పుడు సీ3ఏ0 కనబడితే, ఏళ్ల తరబడి లాటిన్1 (పాశ్చాత్య భాషల పాత అక్షర పద్ధతి) కనెక్షన్ ద్వారా అక్షరాలు రెండుసార్లు ఎన్‌కోడ్ అయి చేరుతున్నాయని అర్థం. పాత సాఫ్ట్‌వేర్ చదివేటప్పుడు కూడా అదే కనెక్షన్ వాడుతుంది కాబట్టి తెరమీద అంతా సవ్యంగానే కనిపిస్తుంది. అలాంటి టేబుళ్లను లాటిన్1 క్యారెక్టర్ సెట్‌తో డంప్ చేసి, ఫైలులో అక్షర పద్ధతిని చెప్పే సెట్ నేమ్స్ వరుసను యూటీఎఫ్8ఎంబీ4గా మార్చి ఎక్కించాలి. సాఫ్ట్‌వేర్ కనెక్షన్‌ను కూడా యూటీఎఫ్8ఎంబీ4కు మార్చాలి.

యూజర్లను చేత్తో మళ్లీ సృష్టించి, పాత సర్వర్‌లో షో గ్రాంట్స్ ఆదేశంతో చూసిన అనుమతులే ఇవ్వాలి. జేసన్ (పేరు-విలువ జతలుగా డేటా రాసే పద్ధతి) కాలమ్ మరియాడీబీలో లాంగ్‌టెక్స్ట్‌గా, అంటే మామూలు పొడవైన పాఠంగా నిల్వ అవుతుంది. జేసన్‌లోని విలువ తీయడానికి క్వెరీలలో బాణం గుర్తు (->) వాడి ఉంటే వాటిని జేసన్_ఎక్స్‌ట్రాక్ట్‌తో తిరగరాయాలి.

ఇదంతా మొదట వేరే కంప్యూటరులో, నిజమైన డేటా నకలుతో చేసి చూసి, ఎంత సమయం పట్టిందో రాసుకోవాలి. అసలు మార్పుకు ముహూర్తం పెట్టేటప్పుడు బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, వేసవి సెలవులు వదిలేయడం ఎవరికైనా తోచేదే. అర్ధరాత్రి ఖాళీ అనుకోవడం మాత్రం తిరుపతిలో చెల్లదు, ఎందుకంటే రాత్రి రైళ్లు దిగిన భక్తులు ఆ వేళకే గదులు అడుగుతారు. లాగ్ చూసి నిజంగా బుకింగులు తగ్గే గంటను ఎంచుకోండి.

ఆ గంటలో సాఫ్ట్‌వేర్‌ను ఆపి, పాత సర్వర్‌లో ఎవరూ కొత్తగా రాయకుండా ఆపే సూపర్_రీడ్_ఓన్లీని ఆన్ చేసి, చివరి డంప్ తీసి ఎక్కించాలి. ప్రతి టేబుల్‌లో వరుసల సంఖ్య, బిల్లుల మొత్తం, అడ్వాన్సుల మొత్తం రెండువైపులా సరిపోయాకే కొత్త సర్వర్‌లో మొదటి బుకింగ్ పడనివ్వాలి. అది పడిన తర్వాత వెనక్కి వెళ్లాలంటే కొత్త వరుసలను చేత్తో మోసుకెళ్లక తప్పదు. పాత సర్వర్‌ను కనీసం ఆ నెల లెక్కలు ముగిసి జీఎస్‌టీ రిటర్న్ దాఖలయ్యేవరకు చదవడానికి మాత్రమే వీలుండేలా ఉంచండి.