ట్రేడ్‌మార్క్ స్టేటస్‌లో ఏం కనిపిస్తే ఏం చేయాలి

ట్రేడ్‌మార్క్‌కి అప్లై చేయడం పెద్ద పనేం కాదండి, ఆన్‌లైన్‌లో టీఎం-ఏ ఫారం నింపి, సొంత పేరు మీద వ్యాపారం చేసేవాళ్ళైనా ఉద్యమ్ సర్టిఫికెట్ ఉన్న చిన్న సంస్థైనా క్లాసుకి (అంటే సరుకు లేదా సేవ రకానికి ఇచ్చే నంబరు, ఒక్కో దానికి) 4,500, మిగతా కంపెనీలైతే 9,000 కట్టేస్తే నంబర్ వచ్చేస్తుంది. తంటా అంతా ఆ తర్వాతే, డబ్బులు కట్టాక స్టేటస్ చూసేవాళ్ళు తక్కువ. ట్రేడ్‌మార్క్ ఆఫీసు వాళ్ళ ఐపీ ఇండియా సైట్లో నంబర్ కొట్టి మీరే చూసుకోవచ్చు, ఆడిటర్ గారు చెప్పేదాకా ఆగక్కర్లేదు.

"ఫార్మాలిటీస్ చెక్ ఫెయిల్" అని ఉంది

కంగారు వద్దు, ఇది కాగితాల లోపం. ఏజెంట్ ద్వారా వేస్తే టీఎం-48 ఆథరైజేషన్ (మీ తరఫున పని చేయమని ఏజెంట్‌కిచ్చే కాగితం) సరిగ్గా లేకపోవడం, పాతకాలం నుంచి వాడుతున్నాం అని రాసి అఫిడవిట్ జత చేయకపోవడం లాంటివి. మనవాళ్ళకి ఎక్కువగా తగిలేది ఇంకోటుంది, లోగోలో పేరు తెలుగు లిపిలో ఉంటే దాని అర్థం, ఉచ్చారణ ఇంగ్లీషులో రాసివ్వాలి, అది మర్చిపోతారు. నోటీసులో ఏది అడిగారో అది అప్‌లోడ్ చేస్తే సరి.

"ఆబ్జెక్టెడ్" అని ఉంది

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. ఎవరో కేసు వేశారనుకుంటారు, కాదు, మీ అప్లికేషన్ పరిశీలించే ఆఫీసర్‌కే (ఎగ్జామినర్) డౌట్ వచ్చింది. ఎగ్జామినేషన్ రిపోర్ట్ అందిన నెలలోపు జవాబివ్వాలి, అందుకే ముందు రిపోర్ట్ డౌన్‌లోడ్ చేసి ట్రేడ్‌మార్క్ చట్టంలో సెక్షన్ 9 అన్నారా 11 అన్నారా చూడండి, రెండిటికీ మందు వేరు.

సెక్షన్ 9 అంటే పేరులోనే దమ్ము లేదని. "ఆంధ్ర ఘాటు పచ్చళ్ళు" అని పెట్టుకుంటే అది సరుకు వర్ణనే గానీ బ్రాండ్ కాదు, రేపు పక్క షాపు కూడా అవే మాటలు వాడుకోవాలి కదా. ఊరి పేర్లూ అంతే, ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ (ఫలానా ఊరి సరుకని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) వచ్చింది, ఆ పేరు ఏ ఒక్క షాపు సొంతమూ కాదు. దేవుడి పేర్లు, పురాణాల పేర్లు కూడా కష్టమే, "రామాయణ్" అనే ఒక్క మాటని అగరబత్తీలకి ఎవరూ సొంతం చేసుకోలేరని సుప్రీంకోర్టు 2015లో తేల్చేసింది. మీ పేరు ఇలాంటిదైతే అప్లికేషన్ తేదీకి ముందే జనానికి అది మీ బ్రాండ్‌గా తెలుసని చూపించాలి, పాత బిల్లులు, ప్యాకెట్ల ఫోటోలు, పేపర్ యాడ్లు, ఏడాదివారీ అమ్మకాలు అన్నీ పెట్టండి. అవేవీ లేకపోతే నా మాట విని పేరు మార్చేయండి, హియరింగ్‌ల ఖర్చు కన్నా కొత్త స్టిక్కర్ల ఖర్చే తక్కువ.

సెక్షన్ 11 అంటే మీ పేరుకి దగ్గరగా ఇంకో మార్క్ ఉందని. రిపోర్ట్‌లో చూపించిన ప్రతి నంబర్‌ని సైట్లో కొట్టి చూడండి, కొన్ని ఎప్పుడో చచ్చిపోయినవి ఉంటాయి, ఆ సంగతి జవాబులో రాస్తే చాలు. బతికున్నవైతే సరుకు వేరనో, పలికే తీరు వేరనో వాదించాలి, లేదా వాళ్ళకన్నా ముందు నుంచీ నిజాయితీగా వాడుతున్న రుజువులుంటే పెట్టాలి, వాళ్ళ దగ్గర ఒప్పుకోలు లెటర్ దొరికితే ఇంకా మంచిది. అసలిది అప్లై చేయకముందే తెలియాల్సింది, కానీ మనవాళ్ళు ఒక్క స్పెల్లింగ్‌తో వెతికి ఊరుకుంటారు. "శ్రీ" అని ఎస్-ఆర్-ఐ కొట్టి లేదనుకుంటారు, చివర డబుల్ ఈ పెట్టినవాళ్ళు, మధ్యలో హెచ్ పెట్టినవాళ్ళు బోలెడుమంది. ఫొనెటిక్ సెర్చ్ (ఒకేలా పలికే పేర్లు వెతికేది) కూడా కొట్టి చూడండి.

జవాబు నచ్చకపోతే హియరింగ్ వేస్తారు, వీడియోలోనే అయిపోతుంది, చెన్నై దాకా వెళ్ళక్కర్లేదు (ఏపీ, తెలంగాణ రెండూ చెన్నై ఆఫీసు కిందే).

"అపోజ్డ్" అని ఉంది

ఇది మాత్రం నిజంగా ఎవరో అడ్డు తగిలారు. ఎగ్జామినర్ ఒప్పుకున్న పేరుని ట్రేడ్‌మార్క్స్ జర్నల్‌లో అందరికీ తెలిసేలా వేస్తారు, అందులో పడ్డాక నాలుగు నెలలపాటు ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. నోటీసు అందాక రెండు నెలల్లో కౌంటర్ (మీ రాతపూర్వక జవాబు) వేయకపోతే అప్లికేషన్ వదిలేసినట్టే లెక్క, గడువు పెంచమంటే పెంచరు. దీనికి మటుకు ట్రేడ్‌మార్క్ లాయర్‌ని పెట్టుకోండి, సొంత వైద్యం వద్దు.

"అబాండన్డ్" అని ఉంది, మాకు ఏ నోటీసూ రాలేదు

వచ్చే ఉంటుంది, ఏజెంట్ ఈమెయిల్‌కి. అప్లికేషన్‌లో ఎవరి మెయిల్ ఉందో చూడండి. ఆర్డర్ వచ్చిన నెలలోపైతే రివ్యూ పిటిషన్ (ఆ ఆర్డర్‌ని మళ్ళీ చూడమని అర్జీ) వేసి చూడొచ్చు, అది దాటితే ఇంకో నెల వరకు అడగొచ్చు, ఆ తర్వాత చాలామంది కొత్త అప్లికేషనే వేస్తారు, కానీ పాత తేదీ పోతుంది, ఈ మధ్యలో ఇంకొకరు అప్లై చేసుంటే వాళ్ళు మీకన్నా ముందున్నట్టు. ఈసారి మీ సొంత మెయిల్ ఇవ్వండి.

రిజిస్టర్ అయింది, అయినా పక్కవాళ్ళు అదే పేరుతో కారప్పొడి అమ్ముతున్నారు

మీ క్లాసు చూసుకోండి. పచ్చళ్ళు 29లోకి వస్తాయి, కారం, మసాలా పొడులు 30లోకి, టిఫిన్ సెంటర్ పెడితే 43. ఒక్క 29లోనే తీసుకుంటే పొడుల మీద మీ పట్టు బలహీనం, దగ్గరి సరుకని వాదించొచ్చు గానీ అది కోర్టులో తేలాలి. పాత అప్లికేషన్‌లో కొత్త క్లాసు కలపమంటే కుదరదు, 30కి విడిగా ఇంకో అప్లికేషన్ వేయాలి, అది రిజిస్టర్ అయ్యేదాకా ఆ ప్యాకెట్ల మీద టీఎం అనే వేయండి, ఆర్ గుండ్రం (®) వేయొద్దు, రిజిస్టర్ కాకుండా అది వాడటం చట్టప్రకారం తప్పు.