ఇల్లు కట్టేటప్పుడు మధ్యలో వచ్చే కొత్త కోరికలు: చిన్న కాంట్రాక్టర్లకు సమస్య - పరిష్కారం

ఫ్యాన్ బాక్స్ ఒక అడుగు పక్కకు జరపాలన్నారనుకోండి. స్లాబు ఇంకా సెంట్రింగ్ (కాంక్రీటు పోయడానికి కట్టే చెక్కలు, రేకులు) మీద ఉన్నప్పుడైతే తీగ విప్పి పక్కన కట్టేస్తే అయిపోయింది, పది నిమిషాల పని. అదే కాంక్రీటు పడ్డాక అడిగితే డ్రిల్లు పెట్టి కొత్త హుక్కు బిగించాలి, వైరుకు దారి చూడాలి, పాత రంధ్రం పూడ్చాలి, సీలింగుకు పుట్టీ మళ్లీ పెట్టాలి. ఇంటివాళ్లకు రెండూ ఒకటే కోరిక. అది ఏ దశలో వచ్చిందన్నదే మీ ఖర్చును తేలుస్తుంది.

కాబట్టి ఎవరేం అడిగినా ముందు పని ఏ దశలో ఉందో చూసుకోండి. సైట్లో నిలబడి ‘చేసేద్దాం సార్’ అనొద్దు, ‘కుదరదు’ అని కూడా అనొద్దు. ‘కొలత తీసుకుని రేపు సాయంత్రానికి రేటెంతో, ఎన్ని రోజులో చెప్తాను’ అనండి. చదరపు అడుగు రేటుకు ఇళ్లు కట్టేవాళ్లకు తరచూ ఎదురయ్యే చిక్కులు, వాటి కారణాలు, దారులు కింద ఇస్తున్నాం.

సమస్య: ఎక్‌స్ట్రా పనులన్నీ చేశాం, చివరి బిల్లులో డబ్బులు రాలేదు

‘ఇదంతా రేటులోనే ఉందనుకున్నాం కదా మేస్త్రీ’ అంటారు. చాలాసార్లు అందులో మోసమేమీ ఉండదు, వాళ్లు నిజంగానే అలా అనుకున్నారు. అగ్రిమెంటులో చదరపు అడుగు రేటు రాసుకున్నారు, అందులో ఏమేం వస్తాయో రాసుకోలేదు. గొడవ ఎప్పుడూ వీటి దగ్గరే వస్తుంది: సంపు, సెప్టిక్ ట్యాంకు, కాంపౌండ్ గోడ, గేటు, పారాపెట్ (పిట్టగోడ), మెట్ల గది, బాల్కనీ కొలత (పూర్తిగానా, సగమా), ఎలివేషన్ (ఇంటి ముందు వైపు అలంకరణ), బోరు దగ్గర పైపులు, కరెంటు మీటరు ఖర్చు. అగ్రిమెంటు రాసే రోజే వీటిలో ప్రతిదానికీ ‘ఉంది’ లేదా ‘లేదు’ అని రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. అరపేజీ చాలు.

పని మొదలయ్యాక వచ్చే ప్రతి కోరికకూ ఒక చీటీ రాయండి. చీటీ ఇలా ఉంటే సరిపోతుంది (రేట్లు ఉదాహరణకు మాత్రమే):

ఎక్‌స్ట్రా నం. 4. వంటింటి వెనక ఉతుకుడు బండ, 5 అడుగులు × 4 అడుగులు, ఎత్తు 9 అంగుళాలు. నల్లా పాయింట్ 1, నీళ్లు పోయే పైపు 3 అంగుళాలది 12 అడుగులు, పైన కడప బండ. మెటీరియల్ రూ. 6,800, కూలీ రూ. 4,500, మొత్తం రూ. 11,300. అదనంగా 2 రోజులు. అడ్వాన్స్ సగం. ఇందులో లేనివి: పై కప్పు రేకు, లైటు.

‘ఇందులో లేనివి’ అన్న చివరి మాట వదలొద్దు. బండ కట్టాక రేకు సంగతి తప్పకుండా వస్తుంది. చీటీని ఫొటో తీసి వాట్సాప్‌లో పంపి, ‘ఓకే’ అని తిరుగు మెసేజ్ వచ్చాకే ఇసుక దింపించండి. ఫోన్లో సరేనన్నారంటే, కాల్ అయిన వెంటనే ‘ఇప్పుడు మాట్లాడుకున్నట్టు...’ అంటూ అదే విషయం మీరే రాసి పెట్టండి.

రేటు కట్టేటప్పుడు కొత్త పని ఖర్చు ఒక్కటే వేసి నష్టపోయేవాళ్లు చాలామంది. పాతది పగలగొట్టే కూలీ, మట్టి ఎత్తిపోసే ఆటో, తక్కువ సరుకుకు కూడా పూర్తిగా పడే బండి కిరాయి, ఈ పని కోసం ఆగిపోయిన ముఠా కూలీ, ఈ నాలుగూ చీటీలోకి రావాలి.

నిజంగానే చిన్నవి ఉంటాయి: మేకు కొట్టడం, తులసికోటకు నాలుగు ఇటుకలు పేర్చడం. వాటికి డబ్బులు అడగకండి. అయితే బిల్లులో ‘తులసికోట గట్టు, రూ. 0’ అని రాయండి. చివర్లో లెక్క చూసేటప్పుడు మీరు ఊరికే చేసినవేమిటో వాళ్లకూ కనిపిస్తుంది.

సమస్య: గోడలు లేచాక వాస్తు ప్రకారం గుమ్మం మార్చమన్నారు

ముగ్గు పోసిన (పునాది కొలతలు నేల మీద గీసిన) రోజు వాస్తు చూసే ఆయన రాలేదు. ప్లాను కాగితం మీద చూసి బాగుందన్నారు, గోడలు లేచాక సైటుకు వచ్చి అభ్యంతరం చెప్పారు. వాస్తు నమ్మకం ఇంటివాళ్లది, దాని గురించి వాదన పెట్టుకోవడం మన పని కాదు. ఆయన్ని సరైన రోజున సైటుకు రప్పించడం మాత్రం మన పనే. ముగ్గు పోసిన నాడే గుమ్మాలు, మెట్లు, పొయ్యి, సంపు, సెప్టిక్ ట్యాంకు ఉండే చోట్లు నేల మీద సున్నంతో గీసి, ఇంటి పెద్దవాళ్లనూ వాస్తు ఆయన్నూ అందులో నడిపించి, ఫొటో తీసి గ్రూపులో పెట్టండి. ఆ తర్వాతే తవ్వకం.

ఇప్పటికే ఆలస్యమైపోయిందంటే, కొత్త గుమ్మం చోట పిల్లరుందా, గోడలో పైపులు పోతున్నాయా చూడండి. పిల్లరుంటే ఒక్క అంగుళం కూడా చెక్కకూడదు, గుమ్మం దాని పక్కకే జరగాలి. ఏమీ లేకపోతే ముందు కొత్త లింటెల్ (గుమ్మం పైన గోడ బరువు మోసే కాంక్రీటు దిమ్మ) వేయాలి. మూడున్నర అడుగుల గుమ్మానికి రెండు వైపులా కనీసం ఆరేసి అంగుళాలు గోడ మీద కూర్చోవాలి, అంటే నాలుగున్నర అడుగుల లింటెల్. గోడ కింద నుంచి కొట్టుకుంటూ పోతే పై వరసలు జారి పడతాయి. అందుకని ముందు లింటెల్ పట్టే గాడి మాత్రమే తీసి, పైన ఊతం ఇచ్చి, లింటెల్ పోసి, వారం తడిపాకే కింద గోడ తీయాలి. పాత గుమ్మం మూసేటప్పుడు అంచున వరస విడిచి వరస ఇటుక తీసి కొత్త గోడను అందులోకి పళ్లలా కలపండి. ప్లాస్టరింగ్‌కు ముందు ఆ అతుకు మీద రెండు వైపులా చికెన్ మెష్ కొట్టండి. ఈ రెండూ చేయకపోతే గుమ్మం ఆకారంలోనే బీట తేలుతుంది, రంగు వేశాక ఇంకా బాగా కనబడుతుంది.

సమస్య: స్లాబ్ అయ్యాక పై అంతస్తులో ఇంకో బాత్రూమ్ కావాలన్నారు

మధ్యలో వచ్చే కోరికలన్నింటిలో ప్రమాదం ఎక్కువున్నది ఇదే. తొందరపడితే ఖర్చుతో పోదు, కింది గదిలో నీళ్లు కారతాయి, స్లాబు మీద భారం పడుతుంది.

ముందే అడిగి ఉంటే ఆ చోట స్లాబును 9 నుంచి 12 అంగుళాలు దించి పోసేవాళ్లం. ఇప్పుడు స్లాబ్ సమంగా ఉంది కాబట్టి బాత్రూమ్ నేలనే పైకి లేపాలి. ఎంత లేపాలో లెక్క ఇదీ. కమోడ్ పైపు 110 మిల్లీమీటర్లు, అంటే సుమారు 4.3 అంగుళాలు. 40కి 1 వాలు ఇస్తే 8 అడుగుల పొడవుకు 2.4 అంగుళాలు. పైన మాలు, టైలు కలిపి 2 అంగుళాలు. మొత్తం దాదాపు 9 అంగుళాలు. గదిలోంచి బాత్రూమ్‌లోకి మెట్టెక్కి వెళ్లాలన్నమాట. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ సంగతి ముందే చెప్పండి.

తప్పు జరిగేది ఆ 9 అంగుళాలు నింపే దగ్గర. 8 × 5 అడుగుల బాత్రూమ్‌కు 30 ఘనపుటడుగులు పడుతుంది. సైట్లో ఉన్న ఇటుక ముక్కలు, ఇసుక వేసేస్తే ఘనపుటడుగు సుమారు 50 కిలోల చొప్పున టన్నున్నర అవుతుంది, అంటే చదరపు అడుగుకు 37 కిలోలు. ఇళ్ల స్లాబును మనుషులు, సామాను కోసం డిజైన్ చేసేదే చదరపు మీటరుకు 200 కిలోల లెక్కన, అడుగుకు 19 కిలోలే. నింపుడే దానికి రెట్టింపు అయితే, ఆ పైన గోడలు, టైల్స్, నీళ్ల బరువు అదనం. తేలిక ఇటుక (ఏఏసీ) ముక్కలతో నింపితే అదే గుంతకు సుమారు అర టన్ను. ఏది వేసినా స్ట్రక్చరల్ ఇంజనీరు రాతపూర్వకంగా సరేనన్నాకే వేయండి.

ఇంతకంటే మంచి దారి చాలా ఇళ్లలో ఉంటుంది. బాత్రూమ్‌ను బయటి గోడకు ఆనించి పెట్టి పీ-ట్రాప్ కమోడ్ (పైపు వెనక గోడలోకి పోయేది) తీసుకోండి. దాని పైపు నేల మీద సుమారు 7 అంగుళాల ఎత్తున గోడలోంచి సూటిగా బయటకు వెళ్లిపోతుంది, స్లాబులో దానికి రంధ్రమే అక్కర్లేదు. స్నానం నీళ్ల పైపు 3 అంగుళాలదే కాబట్టి నహానీ ట్రాప్ (నేల మీది నీళ్లు పోయే జాలీ) కూడా ఆ గోడ పక్కనే పెడితే నేల 6 అంగుళాలు లేపితే సరిపోతుంది. కమోడ్ కొనేది ఇంటివాళ్లే అయితే ‘పీ-ట్రాప్’ అని చీటీలో పెద్దక్షరాలతో రాయండి. ఎస్-ట్రాప్ (పైపు నేలలోకి దిగేది) కొనుక్కొచ్చారంటే ఈ ఏర్పాటంతా వృథా.

స్లాబుకు రంధ్రం తప్పనిసరైతే సుత్తితో కొట్టించకండి, కోర్ కటింగ్ మిషన్ (గుండ్రంగా కోసే డ్రిల్లు) పెట్టించండి. బీములో ఎక్కడా వద్దు. వాటర్‌ప్రూఫింగ్ గోడల మీదికి అడుగు ఎత్తు వరకు ఎక్కించి, ట్రాప్ మూసి రెండంగుళాల నీళ్లు నిలబెట్టి, 48 గంటల తర్వాత కింది గదిలో సీలింగ్ చూడండి. పొడిగా ఉంటేనే నింపుడు మొదలుపెట్టాలి. ఈ రెండు రోజులు చీటీలో ముందే రాసుకోకపోతే తొందరలో ఈ పరీక్షనే ఎగరగొట్టేస్తారు.

సమస్య: స్లాబు మీద ఎక్కడంటే అక్కడ గోడ కట్టమంటున్నారు

పెద్ద హాలును రెండు చేయాలనో, డాబా మీద ఒక గది వేయాలనో అడుగుతారు. గోడ కింద బీము ఉండాలన్న సంగతి వాళ్లకు తెలియదు. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ పదడుగుల ఎత్తు లేపితే, ప్లాస్టరింగ్‌తో కలిపి ప్రతి అడుగు పొడవుకూ సుమారు 270 కిలోలు. పన్నెండడుగుల గోడ మూడు టన్నులు దాటుతుంది. ఈ లెక్క చెబితే చాలామంది వెంటనే అర్థం చేసుకుంటారు. నాలుగంగుళాల తేలిక ఇటుక గోడ అందులో సగం కంటే తక్కువ. ప్లైవుడ్, జిప్సం పార్టిషన్ అయితే ఇంకా తేలిక. పై అంతస్తు కోరిక పునాది, పిల్లర్లకు సంబంధించింది. ఇంజనీరు సంతకం లేకుండా ఎంత డబ్బిస్తామన్నా ఒప్పుకోకండి.

బాల్కనీని సెట్‌బ్యాక్‌లోకి (ఇంటి చుట్టూ రూల్ ప్రకారం వదలాల్సిన ఖాళీ స్థలం) జరపమన్నా జవాబు అదే. తెలంగాణలో 2020 టీఎస్-బీపాస్ (ఇళ్ల అనుమతుల) చట్టం స్వీయ ధ్రువీకరణ మీద అనుమతి ఇస్తుంది. ప్లాన్ తప్పితే నోటీసు లేకుండానే కూల్చే అధికారం కూడా అందులోనే ఉంది.

సమస్య: ప్లాస్టరింగ్ అయ్యాక కరెంటు పాయింట్లు పెంచారు

మంచం ఎక్కడ, టీవీ ఎక్కడ, ఫ్రిజ్ ఎక్కడ అన్నది ఖాళీ గోడలు చూస్తే ఎవరికీ తట్టదు. ప్లాస్టరింగ్‌కు ముందు ఒక పూట కేటాయించండి. నేల మీద సుద్దతో మంచం, బీరువా గీసి, ఇంటావిడతో సహా గది గదికీ తిరిగి స్విచ్చుల చోటు గోడ మీద గుర్తుపెట్టించండి. ఆ తర్వాత పెంచే ప్రతి పాయింటుకూ రేటు అగ్రిమెంటులోనే ఉండాలి, 5 ఆంప్స్‌కు ఒకటి, 15 ఆంప్స్‌కు ఒకటి, ఏసీకి ఒకటి.

ఆలస్యంగా గాడి కొట్టాల్సి వస్తే నిలువుగానే కొట్టించండి. ఐఎస్ 1905 (ఇటుక గోడలకు భారత ప్రమాణం) ప్రకారం నిలువు గాడి లోతు గోడ మందంలో మూడో వంతు, అడ్డ గాడి ఆరో వంతు దాటకూడదు. నాలుగున్నర అంగుళాల గోడలో అడ్డ గాడికి దక్కేది 19 మిల్లీమీటర్లే. 25 మిల్లీమీటర్ల పైపు అందులో పట్టదు. నిలువుగా 38 వస్తుంది, హాయిగా పడుతుంది.

సమస్య: టైల్స్ మార్చారు, తేడా ఎవరు కట్టాలి

‘మంచి కంపెనీ టైల్స్’ అని రాసుకుంటే ఈ గొడవ ఖాయం. ‘టైల్ బేసిక్ ధర చదరపు అడుగు ఇంత’ అని అంకె వేయండి, పైన ఎంతైనా తేడా వాళ్లది. తేడా లెక్కలో 5 నుంచి 10 శాతం తరుగు కలపండి. 2 × 4 అడుగుల టైల్స్ ఎంచుకుంటే టైల్ గమ్, ఎక్కువ కూలీ కూడా కలపాలి. హాల్లో టైల్, పక్క గదిలో గ్రానైట్ అన్నారంటే మందంలో తేడా 8 మిల్లీమీటర్ల దాకా వస్తుంది. తలుపులు బిగించకముందే మాలు ఎత్తు సరిచేసుకోవాలి.

లేబర్ కాంట్రాక్టు మాత్రమే ఒప్పుకున్నవాళ్లు ఇక్కడ జాగ్రత్త. ఒక్క సొంత ఇంటికి కూలీ మాత్రమే చేస్తే జీఎస్టీ మినహాయింపు ఉంది. ‘గ్రానైట్ కూడా నువ్వే తెచ్చెయ్యి అన్నా’ అంటే ఆ మినహాయింపు చిక్కులో పడుతుంది. దుకాణానికి తోడు వెళ్లండి, బిల్లు మాత్రం వాళ్ల పేరు మీదే రాయించండి.

సమస్య: గృహప్రవేశం ముహూర్తం నెల ముందుకు జరిగింది

మనుషుల్ని పెంచితే తగ్గేవి కొన్ని, ఎంతమందిని పెట్టినా తగ్గనివి కొన్ని. ఐఎస్ 456 (కాంక్రీటు పనులకు భారత ప్రమాణం) ప్రకారం 4.5 మీటర్ల లోపు స్లాబుకు ఊతలు 7 రోజులు ఉండాలి, అంతకు మించితే 14. బీముల కింద 6 మీటర్ల లోపైతే 14, మించితే 21. ఇవి మామూలు ఓపీసీ సిమెంటుకు. పీపీసీ (ఫ్లై యాష్ లాంటివి కలిపిన సిమెంటు) వాడితే ఇంకా ఆగాలి. క్యూరింగ్ (నీళ్లతో తడపడం) ఓపీసీకి కనీసం 7 రోజులు, పీపీసీకి 10. మన ఎండాకాలంలో పీపీసీకి 14. ప్లాస్టరింగ్ తడి ఆరకుండా పుట్టీ పెడితే పొరలుగా ఊడుతుంది.

ఈ రోజుల్ని కాగితం మీద వేసి చూపించండి. ముహూర్తానికి పూజగది, హాలు, వంటిల్లు, ఒక బాత్రూమ్ పూర్తి చేసి ఇస్తామనండి. మిగతా గదులకు తర్వాతి తేదీ రాసుకోండి. రెండో ముఠా, రాత్రి పని కావాలంటే దాని కూలీకి విడిగా చీటీ.

సమస్య: ఒకరు ఒకటి చెబితే ఇంకొకరు ఇంకొకటి

డబ్బులు డాలస్‌లో ఉన్న అబ్బాయివి, సైట్లో ఉండేది నాన్నగారు, వీడియో కాల్లో రంగులు చూసేది కోడలు. ముగ్గురి మాటా విని మూడుసార్లు పగలగొట్టొద్దు. మార్పులకు ఎవరి ‘ఓకే’ చెల్లుతుందో అగ్రిమెంటులో ఒక్క పేరు రాయించుకోండి. తాపీ పనివాళ్లకూ గట్టిగా చెప్పండి: నేరుగా ఏదైనా అడిగితే ‘మా మేస్త్రీకి ఒక్క మాట చెప్పండి బాబుగారూ’ అనాలే తప్ప పని మొదలుపెట్టకూడదు.

సమస్య: అంతా అయ్యాక డబ్బులు ఆపారు

చీటీలను స్లాబ్, గోడలు, ప్లాస్టరింగ్ లాంటి దశల వారీ బిల్లుల్లోనే వసూలు చేస్తూ వస్తే ఇంతదాకా రాదు. వచ్చిందంటే ముందు ఇంటివాళ్లతో కలిసి టేపు పట్టి కొలిచి, కొలతల కాగితం మీద సంతకం తీసుకోండి. రేటు మీద ఒప్పుకోకపోయినా కొలత మీద ఒప్పుకోవచ్చు. చీటీ లేకుండా చేసిన పనికి కూడా దారి పూర్తిగా మూసుకుపోలేదు. 1872 కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్ ప్రకారం, ఊరికే చేసే ఉద్దేశం లేకుండా చేసిన పనిని అవతలివాళ్లు అనుభవిస్తుంటే పరిహారం అడగొచ్చు. డబ్బు ఎప్పుడివ్వాలో గడువు రాసుకోకపోతే పని పూర్తయిన రోజు నుంచి మూడేళ్లలోపు దావా వేయాలి. వాట్సాప్ మెసేజ్‌లు సాక్ష్యంగా పనికొస్తాయి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద వాటికి సర్టిఫికెట్ జతచేయాలి. అందుకే ఫోన్ మార్చినా పాత చాట్‌లు చెరపకండి, సైట్ ఫొటోలు తేదీలతో సహా దాచుకోండి.