‘31 శాతం తగ్గింది’ అంటే ఎంత? పరిశోధన ఫలితాల అంకెలను చదివే పద్ధతి

పరిశోధన వార్త పాఠకుడి దాకా వచ్చేసరికి తరచుగా ఒక్క అంకే మిగులుతుంది. ఆ అంకె చాలాసార్లు తప్పేమీ కాదు. దేన్ని దేనితో పోల్చి, ఎవరిని లెక్కలోకి తీసుకుని దాన్ని తెచ్చారో చెప్పకపోవడంతోనే చిక్కు వస్తుంది. కాన్పు తర్వాత రక్తస్రావం, ఓపియాయిడ్ (హెరాయిన్, మార్ఫిన్ లాంటి మత్తుమందులు) వ్యసనానికి చికిత్స, సాలీడు దారం అనే మూడు రంగాల ఉదాహరణలతో అంకెను విప్పి చూద్దాం. పత్రం సారాంశం, ఫలితాల పట్టిక, కాలిక్యులేటర్ ఉంటే చాలు.

ముందు రెండు గుంపుల శాతాలూ పక్కపక్కన రాయండి

కాన్పు తర్వాత అధిక రక్తస్రావమైన స్త్రీలకు ట్రానెక్సామిక్ యాసిడ్ (రక్తస్రావాన్ని తగ్గించే మందు) ఇచ్చి చూసిన ఉమన్ ట్రయల్ (మందును మనుషులపై పరీక్షించే అధ్యయనం) 2017లో వెలువడింది. 21 దేశాల్లో 20,060 మంది అందులో ఉన్నారు. కాన్పైన 3 గంటల లోపు మందు అందినవారిలో రక్తస్రావం వల్ల చనిపోయినవారు 1.2 శాతం, ప్లాసిబో (మందు లేని ఉత్తుత్తి డోసు) గుంపులో 1.7 శాతం. వార్తల్లో కనిపించే ‘31 శాతం తగ్గుదల’ ఈ రెండింటి నిష్పత్తి నుంచి వచ్చింది. గుండ్రం చేసిన శాతాలతో మీరు లెక్కిస్తే 29 వస్తుంది. తేడా గుండ్రం చేయడం వల్లనే, కంగారుపడకండి.

ఇప్పుడు ఒకదాంట్లోంచి ఒకటి తీసేయండి: 0.5 శాతం. 100ని 0.5తో భాగిస్తే 200. అంటే సకాలంలో 200 మందికి మందు ఇస్తే ఒక మరణం తప్పుతుంది. చవకగా దొరికే మందుకు ఇది చాలా గొప్ప ఫలితం. అయినా 31 అనే అంకె మనసులో వేసే బొమ్మ వేరు, 200 వేసేది వేరు. రెండూ రాసుకున్నాకే అభిప్రాయానికి రండి.

మొదట ఏం కొలుస్తామన్నారు, చివరికి ఏం చెప్పారు?

ఈ ట్రయల్ మొదట కొలవాలనుకున్నది వేరు: ఏ కారణంతోనైనా మరణం, లేదా గర్భసంచి తొలగింపు, రెండూ కలిపి. ఆ ఉమ్మడి లెక్కలో మందు గుంపులో 5.3 శాతం, ప్లాసిబోలో 5.5 శాతం. తేడా లేనట్టే. ఇక్కడే ‘మందు పనిచేయలేదు’ అని పుస్తకం మూసేస్తే పొరపాటు. గర్భసంచి తీసినవారిలో చాలామందికి ఆ ఆపరేషన్ నిర్ణయం ట్రయల్‌లో చేర్చే సమయానికే అయిపోయింది. అప్పటికే తీసుకున్న నిర్ణయాన్ని మందు ఎలా మారుస్తుంది? అందుకే ఉమ్మడి ఫలితం కనిపిస్తే దాన్ని విడగొట్టి, ఒక్కో భాగాన్నీ ఆ చికిత్స మార్చగలదా అని అడగండి. మరోవైపు, సమయంతో పని లేకుండా అందరినీ కలిపి చూస్తే మందు గుంపు, ప్లాసిబో గుంపు రక్తస్రావ మరణాల నిష్పత్తి 0.81 (1 అంటే తేడా లేనట్టు), విశ్వసనీయ పరిధి, అంటే అసలు విలువ ఉండగల హద్దులు, 0.65 నుంచి 1.00 వరకు. పరిధి 1ని తాకుతోందంటే ఆ అంకె మీద ఎక్కువ బరువు పెట్టకూడదు.

ఎప్పుడు, ఎవరికి అన్నది తర్వాతి ప్రశ్న. 3 గంటలు దాటాక ఇచ్చినవారిలో ప్రయోజనం కనబడలేదు. ఈ ట్రయల్‌ను గాయాల రక్తస్రావంపై జరిగిన మరో పెద్ద ట్రయల్‌తో కలిపి విశ్లేషిస్తే, 3 గంటల వరకు ప్రతి 15 నిమిషాల ఆలస్యానికీ ప్రయోజనం సుమారు 10 శాతం చొప్పున తరిగింది. అదే మందును రక్తస్రావం మొదలవకముందే, రక్తహీనత ఉన్న స్త్రీలకు నివారణగా ఇచ్చిన ఉమన్-2లో (2023) రక్తస్రావ కేసులు 7.0 శాతం, ప్లాసిబోలో 6.6 శాతం. చికిత్సగా పనికొచ్చింది కదా అని నివారణగా కూడా పనికొస్తుందనుకోవడం ఎంత ప్రమాదమో దీంతో తెలుస్తుంది.

2023లోనే వచ్చిన ఈ-మోటివ్ అధ్యయనంలో అంకె ఇంకా పెద్దది: తీవ్ర రక్తస్రావం లాంటి చెడు ఫలితాలు మామూలు పద్ధతిలో 4.3 శాతం, కొత్త పద్ధతిలో 1.6 శాతం. కానీ అక్కడ పరీక్షించింది ఒక్క మందును కాదు. కొలత గీతలున్న సంచితో రక్తాన్ని కొలవడం, గర్భాశయ మర్దన, ఆక్సిటోసిన్ లాంటి మందులు, ట్రానెక్సామిక్ యాసిడ్, సెలైన్, పరీక్ష అన్నీ ఒకేసారి మొదలుపెట్టే పద్ధతిని. రక్తస్రావాన్ని గుర్తించడమే 51 నుంచి 93 శాతానికి పెరిగింది. మెచ్చుకోవలసింది ఈ మొత్తం పద్ధతిని. ఏ ఒక్క భాగానికీ ఘనత కట్టబెట్టలేం. మరణాల్లో తేడా కూడా విడిగా తేల్చి చెప్పేంత స్పష్టంగా రాలేదు.

లెక్కలోంచి ఎవరు జారిపోయారు?

వ్యసన చికిత్సల పత్రాల్లో అసలు మెలిక ఇదే. ఓపియాయిడ్ వ్యసనానికి వాడే రెండు మందులను, నెలకోసారి ఇచ్చే నాల్ట్రెక్సోన్ ఇంజెక్షన్‌నూ, రోజూ నాలుక కింద పెట్టుకునే బ్యూప్రెనార్ఫిన్-నలాక్సోన్‌నూ, 570 మందిలో 24 వారాలు పోల్చిన ఎక్స్-బాట్ ట్రయల్ చూడండి. చికిత్స మొదలుపెట్టగలిగినవారిని మాత్రమే లెక్కిస్తే మళ్లీ వాడకంలో పడినవారు వరుసగా 52, 56 శాతం. దాదాపు సమానం. కానీ నాల్ట్రెక్సోన్ మొదలుపెట్టాలంటే ముందు కొన్ని రోజులు ఓపియాయిడ్ పూర్తిగా మానాలి, లేకపోతే మందే తీవ్రమైన విరమణ లక్షణాలు తెస్తుంది. ఆ గుంపులో 28 శాతం మంది ఆ గడప దాటలేకపోయారు. బ్యూప్రెనార్ఫిన్‌లో అలాంటివారు 6 శాతమే. చీటీ తీసినట్టు యాదృచ్ఛికంగా ఎవరు ఏ గుంపులో పడ్డారో దాని ప్రకారం, మొదలుపెట్టలేనివారితో సహా అందరినీ లెక్కిస్తే వరుసగా 65, 57 శాతం. తలుపు తట్టిన మనిషికి ఏ చికిత్స ఇవ్వాలన్నది ప్రశ్నయితే ఈ రెండో లెక్కే జవాబు. మొదటి గడప దాటలేనివాళ్లూ మనుషులే, వాళ్లను పక్కన పెట్టి తెచ్చిన సమానత్వాన్ని నమ్మకండి.

మూత్ర పరీక్షకు రానివారిని ఎలా లెక్కించారో కూడా పద్ధతుల విభాగంలో వెతకండి. రాని పరీక్షను ‘వాడినట్టే’ లెక్కించడం ఒక పద్ధతి, వదిలేయడం మరొకటి. వదిలేస్తే మత్తు వాడకం మానేసినవారి శాతం ఉబ్బుతుంది. పాల్గొన్నవారు తక్కువైతే ఫలితాన్ని కొట్టిపారేయాలా? అక్కర్లేదు. 2003లో స్వీడన్‌లో 40 మందితోనే చేసిన అధ్యయనంలో, ఏడాది తర్వాత చికిత్సలో నిలిచినవారు బ్యూప్రెనార్ఫిన్ గుంపులో 75 శాతం, ప్లాసిబోలో సున్నా. ప్లాసిబో గుంపులో నలుగురు చనిపోయారు. తేడా అంత పెద్దదైనప్పుడు చిన్న అధ్యయనం కూడా గట్టిగా మాట్లాడుతుంది.

సాలీడు దారం: ఏ కొలత, దేనికి చొప్పున?

సాలీడు దారం గురించి తరచూ వినిపించే ‘ఉక్కు కంటే అయిదు రెట్లు బలం’ అన్నది బరువు చొప్పున మాట. సాలీడు వేలాడే దారం బలం సుమారు 1.1 గిగాపాస్కల్ (దారం అడ్డకోత వైశాల్యానికి చొప్పున తెగే ముందు మోసే బలానికి కొలమానం), మేలిరకం ఉక్కుది 1.5. అంటే ఒకే మందానికి ఉక్కుదే పైచేయి. సాంద్రతలతో (1.3, 7.8) భాగిస్తే 0.85, 0.19 వస్తాయి. నిష్పత్తి నాలుగు రెట్లు దాటుతుంది. అదే లెక్క కెవ్లార్‌కు (బుల్లెట్ ప్రూఫ్ జాకెట్లలో వాడే కృత్రిమ దారం; 3.6 గిగాపాస్కల్, సాంద్రత 1.44) వేస్తే కెవ్లారే సాలీడు దారం కంటే సుమారు మూడు రెట్లు బలం.

సాలీడు గెలిచేది టఫ్‌నెస్‌లో, అంటే తెగేలోపు పీల్చుకునే శక్తిలో. ఘనపు మీటరుకు దాదాపు 160 మెగాజౌళ్లు. కెవ్లార్‌కు 50, ఉక్కుకు 6. మడగాస్కర్‌లోని డార్విన్ బార్క్ సాలీడు దారంలో ఇది 520 దాకా నమోదైంది. 2023లో జన్యుమార్పిడి పట్టుపురుగులతో తీసిన దారానికి 319 వచ్చింది. ‘కెవ్లార్‌కు ఆరు రెట్లు’ అన్న శీర్షిక అక్కడిదే. ఆ దారం బలం మాత్రం 1.3 గిగాపాస్కల్, కెవ్లార్‌లో సగం కూడా కాదు.

పట్టికలో ఇంకో రెండు చూడండి. ఒకటి తేమ: కొన్ని సాలీళ్ల దారం తడిస్తే సగం పొడవుకు ముడుచుకుంటుంది, గుణాలు పూర్తిగా మారతాయి. రెండోది మందం కొలత. దారం కొన్ని మైక్రోమీటర్లే ఉంటుంది, బలాన్ని లెక్కించేటప్పుడు భాగించేది మందం వర్గంతో (మందాన్ని మందంతోనే గుణించగా వచ్చేదానితో). మందాన్ని 10 శాతం తక్కువగా కొలిస్తే బలం దాదాపు 23 శాతం ఎక్కువగా కనిపిస్తుంది. మందం ఎలా కొలిచారో, ఎన్ని దారాలు తెంపి చూశారో రాయని పత్రంలోని గరిష్ఠ విలువను పక్కన పెట్టి, సగటును మాత్రమే తీసుకోండి.