ప్లేజియరిజం రిపోర్టు, రిట్రాక్షన్ తిప్పలు: ఎక్కడ చెడింది, ఏం చేయాల

తిరుపతిలో థీసిస్‌లు సబ్మిట్ చేసే టైం వచ్చిందంటే యూనివర్సిటీ గేటు ముందర జిరాక్స్ షాపుల్లో స్కాలర్లందరిదీ ఒకటే ప్రశ్న, "అన్నా, నీకెంతొచ్చింది?" అని. థీసిస్‌లో ఎంత భాగం వేరే రాతలతో కలిసిందో సాఫ్ట్‌వేర్ శాతంలో చెప్పే ప్లేజియరిజం రిపోర్టు గురించే ఆ అడగడం. ఎంతొచ్చిందో తర్వాత సామీ, యాడ నుంచి వచ్చిందో ముందు చూడండి.

సమస్య: 38 శాతం వచ్చింది, గైడ్ సంతకం పెట్టనంటున్నారు

యూజీసీ 2018 రూల్స్ ప్రకారం థీసిస్‌కి 10 శాతం వరకు ఇబ్బంది లేదు, అది దాటి 40 వరకు ఉంటే ఆరు నెలల్లోపు సరిచేసి ఇవ్వాల, 40 దాటి 60 వరకైతే ఏడాది పాటు ఇవ్వనీరు, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. అయితే ఆ 38లో అసలు కాపీ ఎంత అనేది రిపోర్టు తెరిచి ఒక్కో రంగు మీద నొక్కితే గానీ తెలీదు. చాలామందికి రెఫరెన్సులు, విషయసూచిక, కృతజ్ఞతలు అన్నీ కలిపి రన్ చేసేసుంటారు, రూల్స్‌లోనే వాటిని లెక్కలోంచి తీసేయమనుంది, వరసగా 14 పదాల వరకు యాదృచ్ఛికంగా కలిసే మాటల్ని కూడా. లైబ్రరీలో అడిగి ఆ సెట్టింగులు పెట్టి మళ్ళీ తీయించండి. మీ సొంత పేపరే మ్యాచ్ అవుతుంటే గైడ్ లెటర్ జతచేసి ఆ సోర్స్‌ని తీయమనండి.

ఇవన్నీ పోయినాక మిగిలేదే అసలు రోగం, మామూలుగా అది లిటరేచర్ రివ్యూలో, అంటే ముందు వచ్చిన పరిశోధనల గురించి రాసే భాగంలో ఉంటది. పేపర్ పక్కన తెరిచిపెట్టుకోని రాస్తే వాక్యం దానంతటదే దిగిపోతుంది, అందుకని చదివి మూసేసి, అర్థమైంది మీ మాటల్లో రాసి, యాడ నుంచి తీసుకున్నారో చెప్పే సైటేషన్ పెట్టండి. పదాలు మార్చిపెట్టే సాఫ్ట్‌వేర్ల జోలికి మాత్రం పోవద్దు, పర్సెంటేజ్ తగ్గుతుంది గానీ 'బ్రెస్ట్ క్యాన్సర్' కాస్తా 'బోసమ్ పెరిల్' అయి కూర్చుంటది. ఇట్లాంటి వంకర మాటల్ని పట్టుకోని పేపర్లు ఏరేవాళ్ళు ఉన్నారు, ఫ్రాన్స్‌లో గియోమ్ కబానాక్ టీమ్ చేసేది అదే.

సమస్య: తెలుగు థీసిస్‌కి సున్నా వచ్చింది

సంబరపడొద్దు. అను ఫాంట్లలో పేజ్‌మేకర్‌లో కొట్టించిన ఫైల్ అయ్యుంటది. కంటికి తెలుగే కనిపిస్తది, సాఫ్ట్‌వేర్‌కి మాత్రం ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలిసిన చెత్త అందుతుంది, ఇక దేంతో పోలుస్తుంది? పీడీఎఫ్‌లోంచి ఒక పేరా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేస్తే తెలిసిపోతుంది. ఏ కంప్యూటరైనా తెలుగుని తెలుగుగానే చదివే యూనికోడ్‌లోకి మార్చి మళ్ళీ రన్ చేయాల, మార్చినాక ఒత్తులు విరిగినాయేమో చూసుకోవాల. అయినా దేశంలోని థీసిస్‌లు పెట్టే వెబ్‌సైట్ శోధగంగలో పాత తెలుగు థీసిస్‌లు ఎన్నో స్కాన్ బొమ్మలే, వాటితో పోల్చడం గైడ్ కళ్ళ పనే.

సమస్య: మన పేపర్‌ని ఎవరో ఎత్తేసినారు

వాట్సాప్ గ్రూపుల్లో తిట్టుకుంటే ఏం లాభం లేదు. రెండు పీడీఎఫ్‌లూ పక్కపక్కన పెట్టి కలిసిన వాక్యాలకి రంగేసి, మీది ముందు అచ్చైన తేదీతో సహా ఆ జర్నల్ చీఫ్ ఎడిటర్‌కి మెయిల్ పెట్టండి, దొంగ గింగ అనే మాటలు లేకుండా. కోప్ అని 1997లో మొదలైన ఎడిటర్ల సంస్థ ఉంది, దాని పద్ధతి ప్రకారం ఎడిటర్ ముందు ఆ రచయితని వివరణ అడగాల, సరైన జవాబు రాకపోతే వాళ్ళ కాలేజీకి రాయాల. నెలలు పడుతుంది. జర్నల్ కోప్ మెంబరై ఉండి కూడా మెయిల్స్‌కి పలకకపోతే, ముందు ఆ జర్నల్ కంప్లైంట్ పద్ధతి అంతా పూర్తిచేసి తర్వాత కోప్‌కే ఫిర్యాదు ఇవ్వొచ్చు.

సమస్య: అచ్చైన మన పేపర్లోనే తప్పు బయటపడింది

తప్పు చిన్నదై ఫలితం మారకపోతే కరెక్షన్ చాలు, ఫలితమే నిలబడకపోతే రిట్రాక్షన్, అంటే జర్నల్ ఆ పేపర్‌ని వెనక్కి తీసుకోవడం. ఎవరో పట్టుకునే దాకా ఆగకుండా కో-ఆథర్లందరికీ చెప్పి మీరే ఎడిటర్‌కి రాయండి, నోటీసులో కారణం, ఎవరు అడిగినారో కూడా రాస్తారు కాబట్టి నిజాయితీ తప్పు వేరు, మోసం వేరు అని చదివేవాళ్ళకి తెలుస్తుంది. పేపర్ మాయమైపోదు, దాని మీద 'రిట్రాక్టెడ్' అని ముద్ర పడి అక్కడే ఉంటుంది. 2025 నుంచి కేంద్రం కాలేజీలకి, యూనివర్సిటీలకి ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల్లో రిట్రాక్షన్లకి మైనస్ మార్కులు పెట్టినారు, దాంతో కాలేజీ వాళ్ళు గమ్మునుండమని నచ్చచెప్తారు, వినొద్దు అనే నేనంటా, ర్యాంకు వాళ్ళది, పేరు మీది.

సమస్య: మనం సైట్ చేసిన పేపర్ రిట్రాక్ట్ అయిపోయింది

ఇది తేలిక. రిట్రాక్ట్ అయిన పేపర్ల లిస్టు ఉండే రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్‌ని 2023లో, పేపర్లకి డీఓఐ నంబర్లిచ్చే సంస్థ క్రాస్‌రెఫ్ తీసుకోని అందరికీ ఫ్రీగా పెట్టేసింది, రెఫరెన్సులు దాచుకునే సాఫ్ట్‌వేర్ జొటేరో వాడేవాళ్ళకైతే అట్లాంటి పేపర్ మీద ఎర్ర హెచ్చరిక దానంతటదే వస్తది. సబ్మిట్ చేసే ముందురోజు ఒకసారి లిస్టంతా చూసుకోండి.