చిగుళ్ల దగ్గర పళ్లు అరిగిపోతుంటే ఏం చేయాలి?

చల్లటి నీళ్లు తాగగానే పన్ను జివ్వుమంటే చాలామంది పుచ్చే అనుకుంటారు. చేతులు కడుక్కుని, పన్ను చిగురును కలిసే చోట గోటితో మెల్లగా పైనుంచి కిందికి గీసి చూడండి. గోరు చిన్న గాడిలో పడి ఆగిందా, అక్కడ పన్ను అరిగి ఉండొచ్చు (పుచ్చా, అరుగుదలా అన్నది డెంటిస్టే తేల్చాలి). ఆ చోట ఎనామిల్ (పన్ను మీది గట్టి పైపొర) సహజంగానే పల్చన, చిగురు జారి బయటపడ్డ వేరు మీదైతే అసలు ఎనామిలే ఉండదు.

1. ముందు కారణం పట్టుకోండి. ఇది వదిలేసి తిన్నగా ఫిల్లింగ్‌కి పోతే పక్కనే మళ్లీ అరుగుతుంది. కోరపళ్లు, వాటి వెనక పళ్లు బయటివైపు కత్తితో కోసినట్టు అరిగి, కుడిచేతివాటం వాళ్లకి ఎడమవైపు ఎక్కువగా ఉంటే అనుమానం బ్రష్ మీదే. గాడి వెడల్పుగా, నున్నగా ఉంటే పులుపు, కూల్‌డ్రింకులు, లేదా కడుపులోంచి పైకి తన్నే యాసిడ్. నిద్రలో పళ్లు కొరికే ఒత్తిడికి కూడా అరుగుతాయంటారు గానీ దానిమీద డెంటిస్టుల్లోనే ఏకాభిప్రాయం లేదు. చాలాసార్లు ఇవన్నీ కలిసే పనిచేస్తాయి.

2. బ్రష్ సాఫ్ట్‌ది తీసుకోండి, పిడికిలి బిగించకుండా పెన్ను పట్టుకున్నట్టు పట్టుకోండి. చిగురు వైపు 45 డిగ్రీలు వాల్చి, రంపం కోసినట్టు అడ్డంగా లాగకుండా చిన్నచిన్నగా కదపండి, రోజుకి రెండుసార్లు, రెండేసి నిమిషాలు చాలు. కొత్త బ్రష్ కుచ్చులు కొన్ని వారాలకే పక్కలకి విచ్చుకుపోయాయంటే ఇంకా గట్టిగా నొక్కుతున్నారనే. గరుకు పళ్లపొడి, బొగ్గు పేస్టు పక్కన పెట్టేయండి. పుల్లటివి తిన్నాక నీళ్లతో పుక్కిలించి, కనీసం అరగంట ఆగాకే బ్రష్ చేయండి.

3. జివ్వుమనడం తగ్గాలంటే పొటాషియం నైట్రేట్ గానీ స్టానస్ ఫ్లోరైడ్ గానీ ఉన్న పేస్టు వాడండి. రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, మూడ్రోజులకే పనిచేయట్లేదని పడేయకండి.

4. గాడి పైపైన ఉండి బాధ లేకపోతే కనిపెట్టుకుని ఉంటే సరిపోతుంది. లోతుగా ఉంటే ఫిల్లింగ్ పదార్థాలైన కాంపోజిట్ లేదా గ్లాస్ అయానమర్‌తో పూడుస్తారు, పన్ను రంగులోనే ఉంటుంది. ఇవి ఒక్కోసారి ఊడతాయి, తడి లేకుండా అతికించడం అక్కడ కష్టం మరి. పళ్లు కొరికే అలవాటుంటే నైట్ గార్డ్ (రాత్రి పళ్లకి పెట్టుకునే తొడుగు) ఇస్తారు. చిగురు బాగా జారితే దానికి సర్జరీ ఉంది.

ఏమీ తాగకుండానే నొప్పి రావడం, రాత్రి నిద్రలోంచి లేపేయడం మొదలైతే అరుగుదల నరం దాకా వెళ్లి ఉండొచ్చు, రూట్ కెనాల్ అవసరం పడొచ్చు. అప్పుడు పేస్టులు మారుస్తూ కూర్చోకుండా వెంటనే డెంటిస్టు దగ్గరికి వెళ్లండి.